మాత్రను మీరిన మందు

ఔషధపు బిళ్లకు తెలుగునాట "మాత్ర" యను పేరు స్థిరపడియున్నది. సంస్కృతమున మాత్ర యనగా కొలత. ఛందస్సునందు లఘువునకు ఒక మాత్ర, గురువునకు రెండు మాత్రలు. ఒక్క మాత్ర హెచ్చినను తగ్గినను పాదము కుంటుపడును. మందునకు సైతము కొలతయే ప్రాణమని ఆ పేరే బోధించుచున్నది. మందునకును విషమునకును నడుమ నిలిచిన గోడ యుక్తి యొక్కటియే యని చరకసంహిత తాత్పర్యము. నేడు ఆ గోడ బీటలు వారుచున్న చోటు తీవ్రమైన నొప్పిని అణచు మాత్రల వాడుక.

ఈ మాత్రల మూలపురుషుడు నల్లమందు. చరక సుశ్రుతులు దీనిని ప్రస్తావింపలేదు. తరువాతి కాలపు శార్ఙ్గధరసంహిత, భావప్రకాశము దీనిని అహిఫేనమను పేర ఎఱుగును. రసశాస్త్రజ్ఞులు దీనిని ఉపవిషములలో చేర్చి, శోధనము చేయనిదే వాడరాదని కట్టడి చేసిరి. పందొమ్మిదవ శతాబ్ది ఆరంభమున జర్మనీ దేశీయుడైన సెర్ట్యూర్నర్ దానినుండి మార్ఫీనును వేరుచేసెను. కొన్ని దగ్గు మందులలోని కోడీను నల్లమందులోనిదే. ట్రమడాల్, టాపెంటడాల్, ఫెంటనిల్ అనునవి కర్మాగారములలో పుట్టిన దాని బంధువులు. వీటినే వైద్యులు ఓపియాయిడ్లు అందురు.

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ప్రాంతములు భక్తికిని విద్యకును నిలయములు. చిక్కడపల్లి వేంకటేశ్వరస్వామి సన్నిధి, త్యాగరాయ గానసభ, నగర కేంద్ర గ్రంథాలయము అచ్చటి వారికి నిత్యపరిచితములు. అశోక్‌నగర్ గదులలో పోటీపరీక్షలకు చదువు యువకులు దినమునకు పది పండ్రెండు గంటలు కూర్చుండుటచే నడుమునొప్పి పాలగుదురు. పక్క వీధిలో మోకాలికి శస్త్రచికిత్స చేయించుకొన్న వృద్ధులుందురు. ఇట్టి చోట "నాకు గుణమిచ్చిన మాత్ర ఇది, నీవును ఒకటి వేసికొనుము నాయనా" యను మాట ప్రేమనుండియే పుట్టును. ప్రమాదమునకు తొలి మెట్టు కూడ అదియే కాగలదు.

ఈ మందు నొప్పికి కారణమును తొలగింపదు, నొప్పిని తెలియనీయదు. మెదడున దీనికి తగిన గ్రాహకములు కలవు. మందు వానిని చేరగానే బాధ అణగి, మనస్సునకు హాయి కలుగును. దినములు గడచిన కొలది శరీరము దానికి అలవాటుపడి, నిన్నటి మోతాదు నేటికి చాలదు. మానబోయినచో ఒళ్లునొప్పులు, చెమటలు, నిద్రలేమి, విరేచనములు బాధించును. అప్పుడు మనుష్యుడు నొప్పికై కాక, మందు లేని బాధకు వెఱచి మందు మ్రింగును. మోతాదు మీరినచో శ్వాస మందగించి ప్రాణము పోవచ్చును. మద్యముతోగాని నిద్రమాత్రలతోగాని కలిసినచో ఆపద హెచ్చును. ట్రమడాల్ మితిమీరినచో మూర్ఛ కూడ రావచ్చును.

ఇది కొద్దిమంది కథ కాదు. 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారము దేశమున సుమారు 2 కోట్ల 26 లక్షలమంది ఓపియాయిడ్లు వాడిరి. జనాభాలో హెరాయిన్ వాడినవారు నూటికి 1.14, వైద్యపు మందులను దుర్వినియోగపరచినవారు 0.96, నల్లమందు వాడినవారు 0.52. అనగా నల్లమందు కంటె మందుల అంగడి మాత్రయే హెచ్చుమందిని లోగొనినది. అమెరికాలో ఆక్సీకాంటిన్ అను మాత్ర 1996లో విక్రయమునకు వచ్చెను. దానికి అలవాటుపడు భయము స్వల్పమని ప్రచారము జరిగెను. ఆ ప్రచారము తప్పుదారి పట్టించునదని 2007లో తయారీదారులే న్యాయస్థానమున నేరము నొప్పుకొనిరి. అప్పటికే ఎన్నియో ఇండ్లలో దీపములారినవి.

రామాయణమున దీనికి తగిన పాఠము కలదు. లక్ష్మణుడు రావణుని శక్తిచే కూలియుండగా సుషేణుడు ఓషధుల పేర్లు చెప్పి హనుమంతుని పంపెను. హనుమంతుడు పర్వతమును చేరెనేగాని ఓషధిని నిశ్చయముగా గుర్తింపలేకపోయెను. వ్యాకరణవేత్త, సముద్రమును లంఘించిన మహావీరుడు. అయినను "ఇదియే యగునేమో" యని ఒక మొక్కను పెరికి తేలేదు. శిఖరమునే పెకలించి తెచ్చి వైద్యుని ముందుంచెను. ఏరినవాడు సుషేణుడు, నూరి రోగికి అందించినవాడును సుషేణుడే. కొండను మోయగల బలవంతుడు కూడ మందును తాను నిర్ణయింపలేదు. హనుమంతునికి ప్రదక్షిణము చేయువారు ఆయన వినయమును కూడ గ్రహింపవలదా?

చికిత్సకు నాలుగు పాదములని చరకుడు చెప్పెను: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. వైద్యుడు అవసరమైనన్ని దినములకే వ్రాయవలెను. ఔషధమును అమ్మువాడు చీటీ లేనిదే ఇయ్యరాదు. 2014 నుండి అమలులోనున్న హెచ్1 షెడ్యూలు నియమముననుసరించి అట్టి మందులకు వేరు పుస్తకమున వైద్యుని పేరు, రోగి పేరు, ఇచ్చిన పరిమాణము వ్రాసియుంచవలెను. ట్రమడాల్‌ను 2018లో మాదకద్రవ్యముల చట్టము పరిధిలోనికి తెచ్చిరి. పరిచారకునికి అనురాగముతోపాటు దక్షత కూడ ఉండవలెనని శాస్త్రము. ప్రేమ యొక్కటియే చాలదు; మాత్రలను లెక్కించి, తాళము వేసి యుంచి, మిగిలినవానిని పొరుగువారికి ఇయ్యకుండుట దక్షత. ఇక రోగికి చెప్పిన గుణములలో నిర్దేశకారిత్వము, జ్ఞాపకత్వము అనునవి రెండు. చెప్పినట్లు నడచుట మొదటిది. తన స్థితిని దాచక తెలుపుట రెండవది. మోతాదు హెచ్చినదని వైద్యునికి చెప్పక దాచిన నాడే వ్యసనము ఇంట అడుగిడును.

ఇంత విన్నవారు మరియొక తప్పునకు లోనుకారాదు. క్యాన్సరు ముదిరి విలవిలలాడు తల్లికి మార్ఫీను ఇయ్యవచ్చిన వైద్యుని "మత్తుమందు వలదు" అని వారించుట ధర్మము కాదు. బాధను తీర్చుట భూతదయ. నారాయణగూడకు అంతగా దూరము కాని రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆస్పత్రిలో ఇట్టి ఉపశమన చికిత్స జరుగుచున్నది. మార్ఫీను వంటి అత్యవసర మందులు రోగులకు సులభముగా అందుటకై 2014లో చట్టమునే సవరించిరి. అక్కడ వైద్యుడు కొలచి ఇచ్చు మార్ఫీను అమృతము. గదిలో కొలత లేక మ్రింగు మాత్ర విషము. వస్తువు దోషి కాదు, మాత్ర తప్పుటయే దోషము.

ఇప్పటికే చిక్కుకొన్నవాడు పాపి కాడు, రోగి. వానిని దూషించి తలుపు మూయుట వలన వాడు మరింత చీకటిలోనికి పోవును. గజేంద్రుడు తన బలము చాలదని తెలిసికొని మొరపెట్టినప్పుడే రక్షణ లభించెను. అట్లే ఇతడును సహాయము కోరవలెను. పట్టుదలతో ఒక్కనాడే మానుటకు పూనుకొనక, వైద్యుని పర్యవేక్షణమున క్రమముగా తగ్గించుకొనవలెను. కొంతకాలము మాని మరల పాత మోతాదునే తీసికొనుట ప్రాణాంతకము కాగలదు. ఎఱ్ఱగడ్డలోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయమున వ్యసనవిమోచన చికిత్స కలదు. 14446 అను ఫోను నంబరున ఉచిత సలహా లభించును. మనుష్యుడు పిలిచినను లేవక, శ్వాస మందగించి, కంటిపాపలు సూదిమొనవలె చిన్నవైనచో క్షణము ఆలసింపక 108కి చెప్పవలెను. నలాక్సోన్ అను విరుగుడు సకాలమున అందినచో ప్రాణము నిలుచును.

క్షీరసాగరమున పుట్టిన హాలాహలమును పరమశివుడు కంఠముననే నిలిపెను. దానికొక హద్దు విధించినందుననే అది ఆయనకు ఆభరణమైనది. శ్రీరుద్రము ఆ స్వామినే తొలి వైద్యునిగా కీర్తించినది. ఆ వైద్యనాథుడు వైద్యులకు వివేకమును, గృహస్థులకు దక్షతను, యువకులకు సంయమమును, చిక్కుకొన్నవారికి విముక్తిని ప్రసాదించుగాక! స్వస్తి.