ఐదు ఆరామాలు, ఒక్క సోమవారం

కార్తికమాసంలో ఆదివారం రాత్రి బస్సెక్కి, సోమవారం తెల్లవారకముందే అమరావతిలో కృష్ణాస్నానం చేసి, భీమవరం, పాలకొల్లు, ద్రాక్షారామం మీదుగా రాత్రి గుడి తలుపులు మూసేలోగా సామర్లకోట చేరుకుని ఐదు శివక్షేత్రాల దర్శనం ముగించే పంచారామ యాత్ర నేడు ఆంధ్రదేశంలో స్థిరపడిన ఆచారం. ఆర్టీసీ ఇందుకోసం ఏటా ప్రత్యేక బస్సులు నడుపుతుంది. ప్రైవేటు ట్రావెల్సు వారు దారి చూపే మనిషినీ, క్షేత్రకథ చెప్పే మనిషినీ, దారిలో తాపేశ్వరం కాజా, ఆత్రేయపురం పూతరేకులు కొనుక్కునే విరామాన్నీ కలిపి ఒకే టికెట్టు కింద అమ్ముతారు. దర్శనం, కథ, రుచి మూడూ ఒక్క పగటిలో ఇమిడిపోయే ఈ ప్రయాణం ధర్మశాస్త్ర దృష్టిలో తీర్థయాత్ర అవుతుందా, లేక తీర్థయాత్ర పేరుతో సాగే విహారమా అన్న ప్రశ్న పైకి కనిపించినంత సులభమైనది కాదు. వేళాకోళంగా తీసిపారేసేవారికీ, పుణ్యం లెక్క కట్టి సంతోషపడేవారికీ శాస్త్రం ఇచ్చే సమాధానం ఒకేలా నచ్చకపోవచ్చు.

తీర్థయాత్రకు ఫలం అందరికీ సమానంగా రాదని పురాణాలూ, వాటిని క్రోడీకరించిన నిబంధ గ్రంథాలూ (అంటే ఒక విషయంపై స్మృతి పురాణ వచనాలన్నిటినీ ఒకచోట చేర్చి నిర్ణయం చెప్పే సంకలనాలు) స్పష్టంగానే చెబుతాయి. పరుల కోసం వెళ్లినవాడికి ఫలంలో పదహారో వంతు, వేరే పనిమీద పోతూ ప్రసంగవశాత్తు తీర్థం చేరినవాడికి సగం దక్కుతాయని ఒక ప్రసిద్ధమైన లెక్క. ఇక్కడ గమనించవలసినది ఆ సగం పట్ల శాస్త్రానికి ఉన్న నిబ్బరం: వేరే పనిమీద వచ్చినవాడిని అది గుడి బయట నిలబెట్టదు, కపటి అనదు, అతడి వాటా అతడికి కొలిచి ఇస్తుంది. కాజాల కోసం బయలుదేరి మధ్యలో శివుణ్ణి చూసినవాడికి కూడా ఈ లెక్క ప్రకారం సగం ఫలం ఉన్నట్టే.

ప్రసంగం అనే మాటకు మీమాంసా దర్శనంలో కచ్చితమైన పారిభాషికార్థం ఉంది. వేదవిహితమైన కర్మలు ఒకదానితో ఒకటి ఎలా ముడిపడతాయో విచారించే జైమిని సూత్రాలలో పన్నెండు అధ్యాయాలుండగా, పదకొండోది తంత్రం గురించి, పన్నెండోది ప్రసంగం గురించి చెబుతుంది. పలు ప్రధాన కర్మలకు ఉమ్మడిగా ఒక అంగాన్ని, అంటే సహాయక క్రియను, ఒక్కసారే చేయడం తంత్రం. ఒకదాని కోసం చేసినది మరొకదానికి కూడా అయాచితంగా ఉపకరించడం ప్రసంగం. మేడలో వెలిగించిన దీపం రాజమార్గానికి కూడా వెలుగునివ్వడం దీనికి భాష్యకారులు చెప్పే ఉదాహరణ. పంచారామ బస్సులోని భక్తుడు తనకు తెలియకుండానే మీమాంసకుడు: అమరావతిలో చేసిన ఒక్క స్నానం, చెప్పుకున్న ఒక్క సంకల్పం, పట్టిన ఒక్క ఉపవాసం ఐదు దర్శనాలకూ సరిపోతాయని అతడు నమ్ముతాడు. అది తంత్రమనే అనుకున్నా, తంత్రం అంగాలను కలుపుతుందే తప్ప ప్రధాన కర్మలను కుదించదు. ఐదు హోమాలకు ఒకే అగ్నిప్రణయనం (అగ్నిని హోమస్థానానికి తీసుకురావడం) చాలవచ్చు గాని ఐదు హోమాలకు ఒకే ఆహుతి చాలదు. క్యూలో గంటన్నర, గర్భాలయం ముందు అర నిమిషం అన్న లెక్కలో నిజంగా కుదించుకుపోతున్నది ప్రధానమే.

వాహనం విషయంలో శాస్త్రం మరింత కటువుగా వినిపిస్తుంది. ఐశ్వర్యంతో గాని, లోభంతో గాని, మోహంతో గాని వాహనమెక్కి వెళ్లేవాడి తీర్థం నిష్ఫలమని మత్స్యపురాణంలోని ప్రయాగ మాహాత్మ్యం చెబుతుంది. ఈ వచనాన్ని చూపించి బస్సు యాత్రలన్నిటినీ కొట్టిపారేయడం తేలికే గాని, అందులో నిందకు గురైనది చక్రం కాదని, ఎక్కించిన బుద్ధి అని వచనంలోని మూడు హేతువులే చెబుతున్నాయి. 1830 మే నెలలో చెన్నపట్నం నుంచి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చిన ఏనుగుల వీరాస్వామయ్య కాశీకి పల్లకీలోనే వెళ్లాడు, పెద్ద పరివారాన్ని వెంటబెట్టుకుని వెళ్లాడు. అయినా ఆయన కాశీయాత్ర చరిత్రను విహారయాత్రా గ్రంథమని ఎవరూ అనరు, ఎందుకంటే ఏ మజిలీలో ఏ దినుసు దొరుకుతుందో, ఏ ఊరిలో నీళ్లు ఎలా ఉంటాయో, అక్కడి మనుషుల నడవడి ఏమిటో రాసుకుంటూ పోయిన ఆ మనిషికి దారి అంతా కళ్ల ముందు ఉండేది. రాత్రి బస్సులో నిద్రపోతూ దాటిపోయిన ఊళ్లు యాత్రికుడికి ఏమీ ఇవ్వలేవు. ఆ లోపం వాహనానిది కాదు, వేళది.

వేళ ఇంత బిగుసుకుపోవడానికి కారణం ఐదూ ఒకే రోజున, అందులోనూ కార్తిక సోమవారం నాడు, చూడాలన్న విశ్వాసం. కృష్ణాతీరంలోని అమరావతి నుంచి డెల్టా అంతా అడ్డంగా దాటి, వశిష్ఠ, గౌతమి పాయలను పడవల మీద గడిచి సామర్లకోట చేరడం ఎడ్లబండి కాలంలో వారాల పని. కనుక ఒకే రోజు నియమం తారురోడ్డు కంటే, గోదావరి పాయల మీది వంతెనల కంటే పాతది కావడానికి వీల్లేదు. ఆచారం కొత్తదైనంత మాత్రాన అది చెడ్డదని చెప్పలేము. అయితే దాని ఆధారం ఎంతటిదో పంచారామాల సొంత కథలోనే పరీక్షించి చూడవచ్చు.

ఆ కథను బస్సులో ప్రతి సోమవారం చెబుతారు. తారకాసురుడు మెడలో ధరించిన అమృతలింగాన్ని కుమారస్వామి ఛేదించగా అది ఐదు ముక్కలై ఐదు చోట్ల పడింది. వాటిలో అమరావతిలోని ముక్కను ఇంద్రుడు, భీమవరం గునుపూడిలోని ముక్కను చంద్రుడు, సామర్లకోటలోని ముక్కను కుమారస్వామి ప్రతిష్ఠించారని ఐతిహ్యం. వినేవారికి ఇది చెదిరిపోయిన ఒక వస్తువును తిరిగి కూర్చుకునే కథగా తోస్తుంది, ఐదు ముక్కలూ చూస్తేనే లింగం పూర్తవుతుందన్న భావన అక్కడి నుంచే పుడుతుంది. కాని కథ అక్కడితో ఆగదు. కింద పడిన ప్రతి ముక్కా పెరగసాగిందని, దేవతలు కంగారుపడి ప్రతిష్ఠలు చేసి, అర్చనలు చేసి ఆ పెరుగుదలను ఆపవలసి వచ్చిందని మిగతా సగం చెబుతుంది. అమరేశ్వరుడి తలపై మేకు కొట్టి ఆపారని, అక్కడి ఎర్రటి చార ఆ గాయానిదేనని భక్తులు నేటికీ చూపిస్తారు. అమరావతిలోనూ, ద్రాక్షారామంలోనూ, సామర్లకోటలోనూ అర్చకుడు పై అంతస్తుకు ఎక్కి అభిషేకం చేయవలసినంత ఎత్తున లింగం నిలబడి ఉండడం ఈ కథకు కంటికి కనిపించే సాక్ష్యం.

తత్త్వశాస్త్ర పరిభాషలో చెప్పాలంటే ఇది అవయవం, అవయవి అన్న ప్రశ్న. అవయవి అంటే భాగాలతో ఏర్పడిన మొత్తం; అవయవం అంటే ఆ భాగం. కుండ పగిలితే పెంకు పెంకుగానే ఉంటుంది, కుండగా పెరగదు. పంచారామ కథలో మాత్రం భాగం భాగంగా ఉండడానికి ఒప్పుకోలేదు. ప్రతి ముక్కా తనంతట తానే పూర్ణమవ్వడానికి పూనుకుంది. శివుడు నిరవయవుడు, అంటే భాగాలు లేనివాడు అని శైవదర్శనాలు తర్కంతో చెప్పిన మాటనే స్థలపురాణం రాయి పెరగడం ద్వారా చెప్పిందని అర్థం చేసుకోవాలి. అలా అర్థం చేసుకున్నప్పుడు ఒక్క ఆరామంలో ఒక్క రోజు నిలిచినవాడికి నాలుగు వంతులు తక్కువయ్యాయనడానికి ఆధారం మిగలదు. ఐదింటిని కలిపి కూడబెట్టుకునే లెక్కకు ఆ ఐదింటి కథే ఎదురు నిలుస్తోంది.

ఇక భోజనం సంగతి. కార్తిక సోమవారానికి విహితమైనది నక్తవ్రతం, అంటే పగలంతా ఉపవసించి నక్షత్రదర్శనం తరువాత రాత్రి ఒక్కపూట తినడం. తీర్థం చేరిన రోజున ఉపవసించాలని నిబంధ గ్రంథాలు కూడా విధిస్తాయి. అదే రోజున బస్సు దారి మాత్రం తెలుగుదేశంలో నోరూరించే దారుల్లో ఒకటి: మడతల మధ్య పాకం నిలిచే కాజాలు, బియ్యపు పిండి జావతో, బోర్లించిన వేడి కుండ మీద తీసిన పొరల్లో నెయ్యీ పంచదారా చుట్టిన పూతరేకులు, అంబాజీపేట వైపు పనసాకుల బుట్టల్లో ఉడికించే పొట్టిక్కలు, పాలకొల్లులో నిప్పుల మీద నిదానంగా కాలే దిబ్బరొట్టె. ఉపవాసం ఉన్నవారు వీటిని పొట్లాలు కట్టించుకుని ఇంటికి తీసుకుపోతారు, లేనివారు అక్కడే తింటారు. ఇద్దరి మధ్యా బస్సులో నడిచే చూపుల వ్యవహారం ఏ ధర్మశాస్త్రకారుడూ విచారించని అధ్యాయం.

వైష్ణవ క్షేత్రాలలో ఊరి రుచి గుడి వంటశాల నుంచే బయటికి వస్తుంది, శైవ క్షేత్రాలలో అలా రావడం అరుదు. లింగానికి నివేదించినది శివనిర్మాల్యం, దానిపై శివగణంలోని చండేశ్వరుడికే అధికారం గనుక సామాన్యులు తినరాదన్న ఆగమనియమం ఇందుకు ఒక కారణం కావచ్చు. స్వయంభూలింగాలకు, బాణలింగాలకు శివపురాణం మినహాయింపు ఇచ్చినా సంకోచం పూర్తిగా పోలేదు. అందుకే పంచారామ యాత్రలో దేవుడు గుడిలోనూ, రుచి బజారులోనూ విడివిడిగా ఉన్నట్టు కనిపిస్తుంది. ఈ విభజన ఎంత పైపైదో గునుపూడిలో తలెత్తి చూస్తే తెలుస్తుంది: అక్కడ సోమేశ్వరుడి గర్భాలయానికి పై అంతస్తులో కొలువున్న దేవత అన్నపూర్ణ.

ద్రాక్షారామ మాహాత్మ్యాన్ని పదిహేనో శతాబ్దంలో భీమేశ్వర పురాణంగా తెలుగు చేసిన శ్రీనాథుడు ఆ క్షేత్రానికి వ్యాసుణ్ణి రప్పించిన తీరు దర్శనం, భోజనం వేరువేరా అన్న ప్రశ్నకు గుండెకాయ వంటిది. కాశీలో రోజుల తరబడి భిక్ష దొరకని వ్యాసుడు ఆకలితో ఒళ్లు మరచి నగరాన్నే శపించబోయాడు; అన్నపూర్ణ గృహిణి రూపంలో ఎదురై, శిష్యులతో సహా కూర్చోబెట్టి కడుపునిండా వడ్డించింది; భోజనం అయిన తరువాత శివుడు అతణ్ణి కాశీ విడిచి పొమ్మన్నాడు. ఆ విధంగా వెలివేయబడి వచ్చినవాడికి ద్రాక్షారామం గొప్పతనాన్ని అగస్త్యుడు వివరిస్తాడు. క్షేత్రానికి వచ్చేవాడు ఆకలిగొన్న మనిషి అనీ, వేదాలు విభజించినవాడికైనా అన్నం ముందు నిగ్రహం తప్పుతుందనీ, శాపానికి ముందు వడ్డన జరగాలనీ ఈ కథకు తెలుసు. యాత్రికుడి ఆకలిని చిన్నచూపు చూడని స్థలపురాణం ఉన్న చోట, దర్శనానికీ భోజనానికీ మధ్య ఉన్నతం, అధమం అని గీత గీయడం ఆ స్థలానికే చెల్లదు. అన్నాన్ని నిందించరాదని, ఆశ్రయం కోరి వచ్చినవాణ్ణి కాదనరాదని తైత్తిరీయోపనిషత్తులోని భృగువల్లి వ్రతాలుగా విధించింది.

నేటి బస్సు యాత్రలో పోయినది రుచి కాదు, ఆతిథ్యం. డెల్టాలో ప్రయాణికుడు ఒకప్పుడు అతిథిగా తినేవాడు, ఇప్పుడు కొనుగోలుదారుగా తింటున్నాడు. లంకల గన్నవరంలో దారినపోయేవారందరికీ వేళాపాళా లేకుండా వండి వడ్డించిన డొక్కా సీతమ్మ (1841–1909) గురించి గోదావరి సీమలో ఒక వృత్తాంతం చెప్పుకుంటారు. అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి పల్లకీలో బయలుదేరిన ఆమె, దారిలో ఆకలితో ఉన్న ఒక బృందం సీతమ్మ ఇల్లు చేరితే భోజనం దొరుకుతుందని మాట్లాడుకోవడం విని, బోయీలను వెనక్కి మళ్లించి ఇంటికి వచ్చి వండిపెట్టిందట. మీమాంసకుల లెక్కలో ఆమెకు దర్శనఫలం లేదు. లోకం మాత్రం ఆమెను నిత్యాన్నదానానికి ప్రతిరూపంగా తలుచుకుంటుంది గాని, దర్శనం మానుకున్న మనిషిగా ఎన్నడూ తలుచుకోలేదు.

పూతరేకుల పొట్లం కొనడంలో తప్పేమీ లేదు. దానిని చుట్టే స్త్రీల చేతిపనికి నాలుగు డబ్బులు చేరడం మంచిదే. తినే వస్తువును ఊరి గుర్తుగా మాత్రమే కొని, ఆ ఊరి మనిషితో రెండు మాటలైనా మాట్లాడకుండా బస్సెక్కడంలో ఉన్నది వెలితి. అదే వెలితి అమరావతిలో ఇంకా పెద్దదిగా కనిపిస్తుంది: బౌద్ధ ప్రపంచమంతటికీ తెలిసిన మహాచైత్యం గుడికి కూతవేటు దూరంలో ఉన్నా, తరువాతి క్యూ అందుకోవాలన్న తొందరలో పంచారామ బస్సులకు అక్కడ ఆగే తీరిక ఉండదు.

శాస్త్రం అడిగే సంకల్పం, ఇంద్రియ నిగ్రహం, తెలిసి చూడడం బస్సులోనూ సాధ్యమే. ఐదుకు ఐదు పూర్తి చేయాలన్న పట్టుదలలో మాత్రం అవి నిలవడం కష్టం. యాత్రలు నడిపేవారు సోమవారం జాబితాలో రెండు క్షేత్రాలు తగ్గించి, మిగిలిన చోట్ల యాత్రికులకు మూడేసి గంటలు వదిలితే యాత్రకు జరిగే నష్టమేమీ లేదు. ఒక్క క్షేత్రానికే వీలున్నవారు ద్రాక్షారామాన్ని ఎంచుకుని, రద్దీ లేని మామూలు రోజున వెళ్లి, స్తంభాల మీద, గోడల మీద దాతలు చెక్కించిన అఖండదీపాల శాసనాలను తీరికగా చూసి, ఆ రాత్రి ఆ ఊరిలోనే భోజనం చేసి ఉండిపోవాలి.