రాతి సందులో బిగుసుకున్న చేప

విశాఖలో యారాడ దగ్గరో, తెన్నేటి పార్కు కిందో బండల మీద నిలబడి గాలం వేసేవాళ్లకు ఒక బెంగ ఉంటుంది. పెద్ద చేప ఎర అందుకోగానే గిర్రున తిరిగి రాళ్లలోకి దూరుతుంది. గ్రూపర్ లాంటిదైతే సందులో చేరి, మొప్పలూ రెక్కలూ విప్పుకుని బిగుసుకుపోతుంది. దారం రాతి అంచుకు ఒరుసుకుని తెగుతుంది. అందుకే మొదటి క్షణాల్లోనే రీలు బిగించి, రాడ్ పైకెత్తి దాని తల మళ్లించాలంటారు.

పారిపోతోందని మనం అంటాం. అది వెళ్లేది తన ఇంటికి.

సన్న దారం వాడి చేపకూ ఒక అవకాశం ఇవ్వాలని కొందరి వాదన. ఆ ఔదార్యం ఎవరి కోసం? దారం తెగితే మనకు పోయేది ఒక గాలం. దానికి మిగిలేది నోట్లో ఇనుప ముల్లు, వెంట ఈడ్చుకుపోవలసిన నైలాను. రెయిన్‌బో ట్రౌట్ తలలో గాయాన్ని పసిగట్టే నాడులున్నాయని 2003లో లిన్ స్నెడన్ బృందం చూపింది. పెదవులకు ఆమ్లం ఎక్కించిన చేపలు వాటిని గులకరాళ్లకు రుద్దుకున్నాయి, చాలాసేపు తిండి ముట్టలేదు. అది మన బాధలాంటిదేనా అన్న తగవు శాస్త్రజ్ఞుల మధ్య ఇంకా తెగలేదు. తీర్పు వచ్చేదాకా ఆగడం నాకు సమ్మతం కాదు. రాళ్ల మధ్య వేస్తే లావు దారమే వేయాలి. సీసపు గుండును మాత్రం బలహీనమైన దారానికి కట్టాలి, చిక్కుకుంటే గుండు ఒక్కటే తెగిపోయేలా.

బిగుసుకున్న చేపను రప్పించే ఉపాయం ఒకటుంది. దారం పూర్తిగా వదులు చేసి కదలకుండా ఉండటం. గండం గడిచిందనుకుంటుందో ఏమో, ఒక్కోసారి తనంతట తానే సందు విడిచి వస్తుంది. అప్పుడు లాగాలి. నన్ను కలవరపెట్టేది ఇదే. ఎరలోనూ మోసముంది కదా అంటారు. ఉంది, కానీ అది ఆకలిని వాడుకుంటుంది. ఇక్కడ మనం వాడుకునేది ప్రమాదం పోయిందన్న ఊరటను. ఆ రెండూ ఒకటేనా? కూర కోసం చేప పట్టే జాలరిని ఇది అడిగే హక్కు నాకు లేదు. సరదాకి పట్టేవాళ్లను అడగాలనిపిస్తుంది.

చాలా గ్రూపర్ జాతుల్లో చేప ఆడదిగా బతుకు మొదలుపెట్టి, పెద్దదయ్యాక మగదవుతుంది. సందులో ఉన్నది ఏళ్లపాటు గుడ్లు పెట్టి, ఇప్పుడు ఆ రాళ్లలోని కొద్దిపాటి మగవాటిలో ఒకటి కావచ్చు. దారం తెంచి వదిలేద్దామంటే గాలం దాని నోట్లోనే ఉండిపోతుంది. అలాంటప్పుడు ఆ మోసమే దానికి మేలు చేసే దారేమో, పైకి తీశాక ముల్లు విప్పి నీళ్లలోకి వదిలితే. మొన పక్కనుండే ఎదురుముల్లును కటింగ్ ప్లేయర్‌తో ముందే నొక్కేసి ఉంటే విప్పడం తేలిక.