వాకిటనున్నవాని పేరు

(లూకా 16:19–31 చదువుడి)



ధనవంతుడు లాజరును కొట్టెననిగాని, వాకిటనుండి తరిమెననిగాని ఈ ఉపమానములో లేదు. అయినను పాతాళమునుండి కన్నులెత్తినప్పుడు లాజరును పేరుపెట్టి అడిగెను. పేరు తెలిసియేయున్నది! ఈ భాగమును మేము ఎన్నోసారులు చదివితిమి గాని, దాని బరువు ఆస్ట్రేలియా ఖండము నడుమ మాకు తెలిసినది.

ఆలిస్ స్ప్రింగ్స్ పట్టణమునకు పడమట సుమారు 130 కిలోమీటర్ల దూరమున హెర్మన్స్‌బర్గ్ అను పల్లె గలదు. అచ్చటి ఆదిమవాసులగు అరండ జనులు దానిని ఎన్టారియా అందురు. ఎఱ్ఱని నేల, ఎండిన ఫింక్ నది, సున్నము కొట్టిన పాత దేవాలయము. 1877లో లూథరను మిషనరీలు అక్కడికి వచ్చిరి. వారిని తయారుచేసిన జర్మనీలోని హెర్మన్స్‌బర్గ్ పల్లెయే, అంతకు కొన్ని ఏండ్లు ముందు మన సూళ్లూరుపేట, నాయుడుపేట ప్రాంతములకును బోధకులను పంపినది. ఆదివారపు ఆరాధనలో అరండ భాషలో పాడిన కీర్తనకు మాటలు తెలియలేదు గాని రాగము మాకు తెలిసినదే. మేము తెలుగులో గొంతు కలిపితిమి. ఒక ముసలమ్మ మా చేయిపట్టి తన ప్రక్కనే కూర్చుండబెట్టుకొనెను.

ఆ పల్లెలో 1902లో ఆల్బర్ట్ నమత్జిరా పుట్టెను, బాప్తిస్మము పొందెను. నీటిరంగులతో తన దేశపు కొండలను, తెల్లని మానుగల చెట్లను చిత్రించెను. 1938లో మెల్బోర్నులో ప్రదర్శించిన చిత్రములన్నియు అమ్ముడుపోయెను. 1954లో ఎలిజబెత్ రాణిని కలిసికొనెను. అట్టివాడు 1951లో ఆలిస్ స్ప్రింగ్స్‌లో స్థలము కొని ఇల్లు కట్టుకొనబోగా అధికారులు వల్లకాదనిరి. చీకటిపడిన తరువాత ఆదిమవాసి పట్టణములో ఉండరాదట! బొమ్మ గోడకెక్కవచ్చును, బొమ్మ వ్రాసినవాడు గడప దాటరాదు. 1957లో ఆయనకును భార్యకును పౌరహక్కులు లభించెను, పిల్లలకు లభించలేదు. ఉన్నది బంధువులతో పంచుకొనుట అరండ ధర్మము. ఆ పంచుకొనుటలో మద్యము చేరినందున 1958లో శిక్షపడెను. మరుసటి యేటనే మరణించెను.

తరువాత మార్పు వచ్చినది. 1967లో నూటికి 90 మందికి పైగా వారి పక్షమున ఓటువేసిరి. తల్లులయొద్దనుండి తీసికొనిపోబడిన పిల్లల విషయమై 2008 ఫిబ్రవరి 13న ప్రధానమంత్రి కెవిన్ రడ్ పార్లమెంటులో క్షమాపణ చెప్పెను. ఆ పిల్లలనుంచిన ఇండ్లలో కొన్ని సంఘములవే, దీనిని దాచనేల? 2023లో మాత్రము, పార్లమెంటుకు వారి మాట వినిపించు ఒక మండలి కావలెనా అని అడుగగా, నూటికి 60 మంది వద్దనిరి.

పట్టణములో మేము దిగిన ఇంటివారు భక్తిపరులు, దయగలవారు. భోజనపు గదిలో నమత్జిరా చిత్రపు ప్రతి యుండెను. ఈ బల్లయొద్ద ఆదిమవాసులెవరైనను భోజనము చేసిరా అని అడిగితిమి. వారు కొంతసేపు ఆలోచించి, ఎవరును రాలేదనిరి. అడిగినందుకు మేమే సిగ్గుపడితిమి. మన పేటను ఊరి వెలుపల నుంచిరని ఎన్ని ప్రసంగములు చేసితిమి! మన చెరువుకట్ట క్రింద యానాదుల గుడిసెలు మనకెన్నడైనను కనబడినవా? ఆ ధనవంతునికి పేరైనను తెలియును.

ఇంటికి చేరిన మరునాడు, ఏండ్లతరబడి మా చేను కాపలా కాయుచు ఎలుకలు పట్టు యానాది వాకిట నిలిచెను. నీ పేరేమయ్యా అని అడిగితిమి. మరెవరినో అడుగుచున్నామనుకొని, అతడు వెనుకకు తిరిగి చూచెను.