పెళ్లిమాటకు ముందు ఒక రక్తపరీక్ష

అబ్బాయీ,

శిబిరంలో రక్తం చూసి నిన్ను సికిల్ సెల్ వాహకుడివన్నారట. అప్పట్నుంచీ సరిగ్గా అన్నం తినడం లేదని మీ అమ్మ ఒకటే బాధ. ముందు ఆ దిగులు మానెయ్యి నాయనా. నీకు జబ్బు లేదు.

హిమోగ్లోబిన్ తయారీకి పనికొచ్చే బీటా గ్లోబిన్ జన్యువు అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వస్తుంది. నీకు వచ్చిన రెండింటిలో ఒకదాంట్లో ఒకే ఒక్క అక్షరం మారింది. దాంతో గొలుసులో ఆరో చోట గ్లుటామిక్ ఆమ్లం బదులు వాలీన్ చేరుతుంది. రెండోది బాగుంది కాబట్టి నీకు భయం లేదు. రెండూ మారినవే వచ్చిన బిడ్డకే కష్టం. ప్రాణవాయువు తగ్గినప్పుడు గుండ్రటి ఎర్రకణాలు కొడవలిలా వంగి సన్నటి నాళాల్లో ఇరుక్కుంటాయి. నెలల పసివాళ్లకే చేతివేళ్లు, కాలివేళ్లు వాచిపోతాయి. ముట్టుకుంటే చాలు, గుక్కపట్టి ఏడుస్తారు.

ఇది శాపమనీ, ఎవరో చేసిన పాపమనీ ఎవరన్నా నమ్మకు. మారిన జన్యువు ఒక్కటే ఉన్నవాళ్లను మలేరియా అంత తేలిగ్గా చంపలేదని 1954లో ఆంథొనీ ఆలిసన్ అనే పరిశోధకుడు తూర్పు ఆఫ్రికాలో చూసి చెప్పాడు. అందుకే ఆఫ్రికాలోనూ అరేబియాలోనూ మన అడవుల్లోనూ, మలేరియా ఉన్న చాలా చోట్ల ఇది తరాలుగా నిలిచింది. మన దేశంలో 1952లో నీలగిరి కొండల్లో మొదట గుర్తించారు. దోమల అడవిలో మన పెద్దల పిల్లల్ని ఎందరినో కాపాడిన జన్యువు ఇది. దానికి సిగ్గుపడతావెందుకు?

ఇక అసలు మాట. మేనమామ కూతురితో నీ సంబంధం అనుకుంటున్నారని విన్నాను. ఈ జన్యువు మీ అమ్మ వైపు నుంచే వచ్చి ఉంటే ఆ పిల్లకూ ఉండొచ్చు. తాంబూలాలకు ముందే ఆమెకూ పరీక్ష చేయించండి. ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. మొదటి బిడ్డకు వచ్చింది కదా, ఇక మిగతావాళ్లకు రాదనుకోవడం పొరపాటు. ప్రతిసారీ లెక్క మళ్లీ మొదలే.

ఇద్దరూ వాహకులని తేలితే వేరే సంబంధం చూసుకోవడమా, పెళ్లి చేసుకుని గర్భం తొలి నెలల్లోనే బిడ్డకు పరీక్ష చేయించడమా అన్నది డాక్టరుతో మాట్లాడి మీరిద్దరే తేల్చుకోండి. ఏ నిర్ణయమైనా సరే, ఆ పిల్లను మాత్రం ఎవరూ ఒక్క మాట అనకూడదు. ఉన్న సంగతి ఆమెకు నువ్వే చెప్పు. దాచి పెళ్లి చేసుకుంటే ఆ బాధ రేపు మీ బిడ్డ పడాల్సి రావచ్చు.