తాళం ఆపకు

నేటి తలంపు: తప్పినవాళ్లకు కావలసింది మన చిట్లించిన ముఖం కాదు, మళ్లీ అందుకునే చోటు.

విజయవాడ నుంచి బందరు రోడ్డు మీద వెళ్లి, పామర్రు దగ్గర చల్లపల్లి వైపు తిరిగితే, వరిచేల నడుమ కూచిపూడి వస్తుంది. ఊళ్లో బాలాత్రిపురసుందరీ సమేత రామలింగేశ్వరుడి గుడి. అక్కడి భాగవతుల ఇళ్లలో తరతరాలుగా ఒక కట్టుబాటు చెప్పుకుంటారు. ఆ ఇళ్ల మగపిల్లాడు జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలి. అది సిద్ధేంద్రయోగి పెట్టిన నియమమని పెద్దల మాట.

కృష్ణుడి వేషం కట్టమనలేదు చూడండి. భామ వేషమే కట్టమన్నారు. ఆ వేషం ఉండే భామాకలాపం మొత్తం ఒక పొరపాటు కథ. అందంలో మీరెక్కువా, నేనెక్కువా అని మొగుణ్ని అడిగిన భామను విడిచి కృష్ణుడు వెళ్లిపోతాడు. తెర మీద జడ వేసి, తనకు సాటి ఎవరో రమ్మని సవాలు చేసిన మనిషే, కాసేపటికి విరహంతో నలిగి ఆయనకు లేఖ రాసుకుంటుంది. జడ నుంచి లేఖ దాకా నడిచిన ఆ దూరమే ఆమె చదువు. ఊరి పిల్లలందరి చేతా ఆ దూరం ఒకసారి నడిపించాలనుకున్నారు కాబోలు పెద్దలు.

ఆ దారి పొడుగునా భామకు తోడుండేది మాధవి. మాధవిగా వచ్చేది సూత్రధారుడే. చేతిలో తాళాలు ఆయనవే, మేళమంతా ఆయన కనుసన్నల్లోనే. మాధవి భామను మేలమాడుతుంది, నీ మొగుడి పేరేమిటో చెప్పమని ఏడిపిస్తుంది, చివరికి లేఖ పట్టుకెళుతుంది. ఆమెను వదిలేసి మాత్రం పోదు. ఆట నడిపేవాడే తప్పు చేసినదాని పక్కన నిలబడతాడు. కూచిపూడి పెద్దలు ఆ రెండు పనులూ ఒక్క మనిషికే అప్పగించారు.

ఈ సంగతి పాఠంగా చెప్పడం నాకు ఎప్పుడో వచ్చు. చేతికి రావడానికే చాలా ఏళ్లు పట్టింది. విజయవాడలో పిల్లలకు నాట్యం నేర్పుతాను. ఒక దసరాకి పదేళ్ల పిల్ల తరంగం చేస్తోంది. ఇత్తడి పళ్లెం అంచుల మీద పాదాలు నిలిపింది, పాట అందుకోవలసిన ఎడుపు తప్పింది. నేను ముఖం చిట్లించాను, నా చేతిలో తాళాలు ఆగాయి. పిల్ల నా వైపు చూసి, పళ్లెం దిగి, తలవంచుకుని నిలబడిపోయింది. మృదంగం పెద్దాయన ఒక్కరే వాయిస్తూ ఉండిపోయారు. కార్యక్రమం అయ్యాక మెల్లగా అన్నారు: "పిల్ల తప్పింది ఒక్క ఎడుపే అమ్మా. ఆట ఆగింది మీ చేతిలో."

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు తరగతిలో అందరి ముందూ ఆ పిల్లతో చెప్పాను, నిన్న తాళం వదిలింది నేనేనని. అప్పటి నుంచి మా దగ్గర కొత్త పాఠం ఒకటి చేరింది: కావాలని తప్పడం. నడుస్తున్న జతి మధ్యలో ఒకరు ఆగిపోవాలి. మిగతావాళ్లు ఆగకూడదు. ఆగినవాళ్లు ఊపిరి తీసుకుని, తాళం మొదలయ్యే చోట, సమం దగ్గర కలవాలి. ఆది తాళానికి ఎనిమిది అక్షరాలు. ఎక్కడ జారిపోయినా, తాళం వేసే చెయ్యి ఆగకపోతే, ఆ ఎనిమిదీ తిరిగేసరికి మళ్లీ సమం వస్తుంది.

పసిబిడ్డ తొలి నడకకీ, పెద్దవాళ్ల పొరపాటుకీ తెలుగులో ఒకటే మాట: తప్పటడుగు. బిడ్డ అడుగు తప్పితే చెయ్యి చాస్తాం. పెద్దవాళ్లు తప్పితే కళ్లెర్రజేస్తాం. భగవంతుడికి ఈ తేడా ఉన్నట్టు లేదు. అలిగిన కృష్ణుడు కూడా భామ లేఖ అందాక రాకుండా ఉండలేదు. మనం గర్వంతో జడ విసిరిన రోజునా, సిగ్గుతో లేఖ రాసిన రోజునా ఆయన చేతిలో తాళం మోగుతూనే ఉంది. మనకు వినపడేది మాత్రం లేఖ రాసే రోజునే.

నేటి సాధన: ఇవాళ ఇంట్లోనో, బడిలోనో, పనిచేసే చోటనో మీ కళ్ల ముందు ఒకరు తప్పుతారు. నోరు తెరిచేముందు మనసులో ఆది తాళం ఒక్క ఆవర్తం వేసుకోండి. ఆ తర్వాత వాళ్లు అందుకోవలసిన చోటు ఒక్కటే చెప్పండి. తప్పింది మీరే అయితే, ఆ మాట ముందు మీరే అనండి.

ప్రార్థన: కృష్ణా, నా చేతికి తాళాలిచ్చావు. నా కోపానికి అవి ఆగిపోకుండా చూడు. పిల్లలు తడబడి నా ముఖం చూసినప్పుడు వాళ్లకు అక్కడ సమం కనిపించనీ. నేను తడబడినప్పుడు నీ తాళం నా చెవిన పడనీ.