అరువు గొంతు

మా కోనసీమ పల్లెల్లో పద్యనాటకం అంటే రాత్రి భోజనాలయ్యాక మొదలై కోడికూతకు ముగిసేది. నెల ముందు నుంచీ రామాలయం అరుగు మీద హార్మోనియం మోగుతూ ఉండేది.

ఒక ఏడు తిరుపతి వెంకటకవుల 'పాండవోద్యోగం'లో మా చినమావయ్యకు కృష్ణుడి వేషం. సంగీతంలో ఓనమాలు రావు. గ్రామఫోను ప్లేటు అరిగిపోయేదాకా విని, అందులో నటుడు ఎక్కడ రాగం తీస్తే అక్కడే తీసేవాడు. ఎక్కడ ఊపిరి పీల్చుకుంటే అక్కడే పీల్చుకునేవాడు.

"ముందు సరళీ వరుసలు సాధన చెయ్యి, అబ్బాయ్" అనేవారు హార్మోనిస్టుగారు.

"నాటకం నెల్లాళ్ళుంది. వరుసలెందుకండీ, పద్యం వస్తే చాలదూ?" అనేవాడు మావయ్య.

తీరా నాటకం నాటికి హార్మోనిస్టుగారికి జ్వరం. పొరుగూరి నుంచి వచ్చినాయన శ్రుతి రెండు మెట్లు పైన పట్టాడు. తగ్గించమని అడగాలన్నా ఏ మెట్టో చెప్పాలి కదా! మూడో పాదానికి గొంతు అందలేదు. వేరే దారిన దిగుదామంటే ప్లేటులో ఆ దారి లేదు. జనం నవ్వారు. మావయ్య మళ్ళీ వేషం కట్టలేదు.

మరి అనుకరణ తప్పంటారా? అనడానికి నాకు నోరు రాదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచకవధ'తో మొదలైన నాటక కుటుంబాల పిల్లలు వింటూనే నేర్చారు. మనం మాటలు నేర్చిందీ అమ్మను అనుకరించే. కాని అమ్మ అనని వాక్యం అనగలిగిన నాడు కదా మనకు మాటలొచ్చినట్టు!

స్వరజ్ఞానమూ అంతే. కాగితం మీది సరిగమలు చూసి, ఎన్నడూ వినని వరుసను పలికించగలగడం. పడమటి దేశాల్లో పాటల నాటకాలాడేవారికి ఈ విద్య విడిగా నేర్పుతారు. మనకూ కొత్తదేం కాదు. 1904లో సుబ్బరామ దీక్షితులుగారి 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' తెలుగు లిపిలోనే అచ్చయింది. గమకాలకు సైతం గుర్తులున్నాయందులో. అయితే కృష్ణుడి చిరునవ్వు వెనక బెదిరింపు ఎంతో ఏ గుర్తూ చెప్పదు. అది పాడేవాడి మనసు చెప్పాలి.

ఇన్నేళ్ళకు నాకు ఇంకోటి తోస్తోంది. రిహార్సల్సులో "అచ్చం ప్లేటులా ఉందిరా!" అని మెచ్చుకున్నదెవరు? మేమే. అరువు గొంతుకి చప్పట్లు కొట్టి, అరువు తీరిపోగానే నవ్వినదీ మేమే. తప్పు పద్దు రాస్తే మా పేర్లే ముందుండాలి.

మావయ్య పెద్దవాడయ్యాక మనవరాలిని పట్టుబట్టి సంగీతానికి పంపాడు. ఓ సాయంత్రం ఆ పిల్ల అదే పద్యాన్ని తనకు తోచిన రాగంలో ఎత్తుకుంది. "అలా కాదే" అనబోయి ఆగిపోయాడు. పద్యం చివరిదాకా విన్నాడు.

"ఏ రాగమే అది? నాకూ చెప్పు" అన్నాడు.