ముందుగా లెక్క చూచుట అవిశ్వాసమా?

దేవుడుండగా ముందుచూపెందుకని మన డుంబ్రిగుడ కొండలలో కొందరందురు. ఆలోచించుదము. నిప్పుకొన నోటిలోనుంచి అడ్డచుట్ట కాల్చుట వలన అంగిటిలో క్యాన్సరు పుట్టవచ్చును. అప్పుడు పై దవడను కోసివేయవలసి రావచ్చును. కాలి సన్నని ఎముకను రక్తనాళములతోకూడ తీసి క్రింది దవడగా అమర్చు పద్ధతిని 1989లో అమెరికా వైద్యుడు హిడాల్గో ప్రకటించెను. నేడు పై దవడకును అట్లే చేయుచున్నారు. రెండు మూడు మిల్లీమీటర్ల నాళములను సూక్ష్మదర్శిని క్రింద మెడనాళములకు కుట్టుదురు.

అందుకు ముందే కాలి రక్తప్రసారమును పరీక్షింతురు, ఎముకను కొలుతురు, అది తప్పినచో వేరొక మార్గమును నిర్ణయించుకొందురు. రోగియు పొగ విడువవలెను.

ఇది అవిశ్వాసమా? కాదు. గోపురము కట్టువాని లెక్కను మెచ్చినవాడు మన ప్రభువే (లూకా 14:28). కాబట్టి చుట్ట నేడే విడుతము, అంగిట మచ్చగాని పుండుగాని కనబడిన వెంటనే ఆసుపత్రికి పోవుదము, ఫలితమును ఆయనకప్పగింతము.